తప్పు మనది, నింద కార్బురేటరుది

(సొసైటీ వార్షిక సమావేశంలో యువజనుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏటా ఈ సమావేశంలో మమ్ములను చదువు గురించి మాట్లాడమంటారు. మేమూ "బాగా చదవండి, పైకి రండి" అని నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాము. ఈ ఏడు మాత్రం కార్యదర్శిగారి అనుమతితో విషయం మార్చుకున్నాము. ఈ రోజు మేము మాట్లాడబోయేది మోపెడ్ బండి కార్బురేటరు గురించి. నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కాని ఈ హాలు బయట వేపచెట్టు కింద నిలబెట్టిన బండ్లను ఒకసారి గుర్తు చేసుకోండి. దుప్పట్ల మూటలు, గాజుల పెట్టెలు, అరటి గెలలు, పాల క్యాన్లు మోసి మన ఇండ్లలో పొయ్యి వెలిగించేది ఆ చిన్న బండే. 1972లో లూనా వచ్చింది, 1980లో టి.వి.ఎస్. 50 వచ్చింది. అప్పటి నుండి చిన్న వ్యాపారస్తునికి అది కాళ్లూ చేతులూ అయింది. అది ఆగిపోతే ఆ పూట బేరం ఆగిపోయినట్టే.

మేము మెకానిక్కులము కాము. ఉర్దూ మీడియం బడిలో సైన్సు, లెక్కలు చెప్పుకునేవాళ్లము. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణం ఉన్నది. అందులో మా తప్పు కూడా కొంత ఉన్నది. ముందు అది చెబుతాము.

మా దగ్గర పదవ తరగతి దాకా చదివిన కుర్రవాడొకడున్నాడు. పేరు చెప్పము, అతడు ఈ సభలోనే ఉన్నాడు. తండ్రి దుప్పట్లు, లుంగీలు మూటగట్టి ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో వాయిదాల మీద అమ్ముతాడు. ఆయన దగ్గర పాత ఎక్స్.ఎల్. బండి ఉన్నది, టూ స్ట్రోకుది, 69.9 సి.సి. ఇంజను. పరీక్షలయ్యాక కుర్రవాడు తండ్రికి తోడుగా బండి నడపడం మొదలుపెట్టాడు. వయసు వేడి. బండికి పికప్ చాలలేదు. స్నేహితులు తలా ఒక సలహా ఇచ్చారు. మొదట సైలెన్సరు విప్పి లోపలి గొట్టం తీసేశాడు. మోత పెరిగింది, బండి వేగం కూడా కొంచెం పెరిగినట్టు తోచింది. పది రోజుల తరువాత గాలి ఫిల్టరు డబ్బా కూడా పీకేసి, దాని స్థానంలో ఒక జల్లెడ బిగించాడు. అప్పటి నుండి ఒక చిత్రం మొదలైంది. రేసు పూర్తిగా తిప్పితే ఇంజను మునిగిపోతుంది. చెయ్యి కొంచెం వదిలితే మళ్లీ అందుకుంటుంది.

"కార్బురేటరు పోయింది" అన్నారు అందరూ. కుర్రవాడు కార్బురేటరు విప్పాడు, కడిగాడు, బిగించాడు. స్క్రూలు తిప్పాడు. మళ్లీ విప్పాడు. నెల రోజులలో ఏడెనిమిది సార్లు విప్పి ఉంటాడు. సగం చోకు వేసి నడిపితే బాగా పోతున్నదని కనుక్కొని, అదే మందు అనుకున్నాడు. ఎవరో "ఇంజను వేడెక్కుతాంది, ఆయిలు ఎక్కువ పోయి" అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపే చోట 40 కలిపాడు.

ఒక ఎండాకాలపు మధ్యాహ్నం మైదుకూరు రోడ్డున తండ్రి వెనుక, మూట ముందు, కుర్రవాడు నడుపుతున్నాడు. రోడ్డు చదునుగా ఉన్నది. ముప్పాతిక రేసు మీద బండి ఎన్నడూ లేనంత హుషారుగా పోయిందట. అట్లా ఐదారు కిలోమీటర్లు పోయాక, వెనుక నుండి ఎవరో పట్టి లాగినట్టయింది. ఇంజను సీజ్ అయింది. బండి తూలింది, మూట ఒక పక్కకు ఒరిగింది, ఇద్దరూ మట్టిలో పడ్డారు. వెనుక వస్తున్న బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు తొక్కాడు కాబట్టి ఇవాళ ఈ కథ ఇంత మామూలుగా చెప్పగలుగుతున్నాము. తండ్రికి ఎడమ మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆరు వారాలు వసూళ్లు లేవు.

మేము చూడబోయినప్పుడు ఆయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. "మాస్టర్ సాబ్, బండిని పాత సామాను వానికి ఇచ్చేస్తా. వీడు ఇంక జన్మలో పానా ముట్టకూడదు" అన్నాడు. కుర్రవాడు గోడకు ఆనుకొని నేల చూస్తున్నాడు. బయటకు వచ్చినాక మాతో ఒకటే మాట అన్నాడు: "సార్, ఆ రోజు బండి అంత బాగా ఎప్పుడూ పోలేదు. అదే నాకు అర్థం కాలేదు."

ఆ మాట మాకు ములుకులా గుచ్చుకున్నది. ఎందుకంటే ఈ పిల్లవానికి గాలి వేగం పెరిగిన చోట దబావ్, అనగా పీడనం, తగ్గుతుందని తొమ్మిదేండ్ల పాటు బడిలో ఉంచుకొని చెప్పినది మేమే. 1738లో బెర్నూలీ అనే శాస్త్రజ్ఞుడు రాసిన సూత్రం అది. అతడు పరీక్షలో తప్పు లేకుండా రాశాడు. ఆ సూత్రం తన మోకాలి పక్కనే, అరచేతిలో పట్టే ఒక లోహపు ముక్కలో పని చేస్తున్నదని మాత్రం అతనికి తెలియదు. మేము చూపించలేదు. కంఠస్థం చేయించి మార్కులు వేసి పంపినాము.

అందుకని తండ్రిని ఒక నెల గడువు అడిగాము. బస్టాండు వెనుక ముప్పై ఏండ్లుగా షెడ్డు నడుపుతున్న ఒక ఉస్తాదు దగ్గరకు కుర్రవాణ్ణి, బండిని తీసుకుపోయాము. ఆయన పానా పట్టుకోలేదు. బెంచీ మీద కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడిగాడు. "ఏం మార్చినావు? ఎప్పుడు మార్చినావు?" తేదీల వారీగా కాగితం మీద రాయమన్నాడు. ఆ కాగితం పూర్తయ్యేసరికి రోగం సగం బయటపడింది. ఈ రోజు మేము చెప్పదలచిన అసలు సంగతి కూడా ఇదే. బండిలో ఏదో మార్చిన తరువాత వచ్చిన రోగానికి మందు మొదట ఆ మార్పులో వెతకాలి, స్క్రూలలో కాదు.

ఇక కార్బురేటరు పని ఏమిటో చూద్దాము. పెట్రోలును సన్నని తుంపర చేసి గాలిలో కలపడమే దాని పని. దాని గొట్టం నడుమ సన్నగా ఉంటుంది. ఇటలీ దేశపు వెంటూరి పేరుతో దానిని వెంటూరి అంటారు. ఇంజను గాలిని పీల్చినప్పుడు ఆ ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు మీద బయటి గాలి పీడనం అట్లాగే ఉంటుంది. అందువల్ల పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం గుండా పైకి ఎగజిమ్ముతుంది. గిన్నెలో పెట్రోలు మట్టం ఒకే తీరుగా ఉండటానికి ఫ్లోటు, దాని మొన ఉంటాయి. మన మరుగుదొడ్డి నీళ్ల ట్యాంకులో తేలే బంతి ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే మెకానిక్కులు లీన్ అంటారు. పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటారు. రిచ్ అయితే పొగ, నల్లని ప్లగ్గు, పెట్రోలు ఖర్చు. అది జేబుకు నష్టం. లీన్ అయితే ఇంజనుకే నష్టం. లోపలికి వచ్చే పెట్రోలు ఆవిరవుతూ ఇంజనును కొంత చల్లబరుస్తుంది. టూ స్ట్రోకు బండికి ఆయిలు కూడా పెట్రోలుతోనే వస్తుంది. కనుక పెట్రోలు తగ్గితే చల్లదనమూ తగ్గుతుంది, జిడ్డూ తగ్గుతుంది. పిస్టను అల్యూమినియం. వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. పిస్టను ఉబ్బి ఇనుప బోరులో బిగుసుకుంటుంది. అదే సీజ్ కావడం.

ఇప్పుడు మన కుర్రవాని కాగితం మళ్లీ చదవండి. సైలెన్సరు లోపలి గొట్టం తీయడం వల్ల, ఫిల్టరు తీయడం వల్ల గాలి లోపలికి, బయటికి పోయే లెక్క మారిపోయింది. కంపెనీ వాళ్లు ఆ ఫిల్టరును, ఆ సైలెన్సరును లెక్కలోకి తీసుకొని జెట్టు కొలిచారు. గాలి పెరిగింది, జెట్టు పాతదే. కనుక లీన్. రేసు పూర్తిగా తిప్పితే మునగడం, కొంచెం వదిలితే అందుకోవడం లీన్ కు ఆనవాలు. చోకు వేస్తే బాగుపడటం రెండవ ఆనవాలు, ఎందుకంటే చోకు గాలిని ఆపి పెట్రోలు పాలు పెంచుతుంది. చోకు మందు కాదు, రోగం పేరు చెప్పిన వైద్యుడు. కుర్రవాడు ఆ వైద్యుని మాట వినిపించుకోలేదు.

ఆయిలు రెట్టింపు చేయడం మూడవ తప్పు. జెట్టులో నుండి పోయే ద్రవంలో ఆయిలు పాలు పెరిగితే పెట్రోలు పాలు తగ్గుతుంది. కాపాడుదామని కలిపినది లీన్ ను ఇంకొంచెం పెంచింది. పైగా ప్లగ్గు మీద, సైలెన్సరులో మసి పేరుకుంటుంది. ఆయిలు కొలత బండి పుస్తకంలో ఉంటుంది, దానికి ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

మరి బండి ఆ రోజు ఎందుకంత హుషారుగా పోయింది? లీన్ అయ్యే దారిలో ఇంజను ఒక దశలో తేలికగా, చురుకుగా తిరుగుతుంది. పెట్రోలు అయిపోయే ముందు బండి ఒక్కసారి రయ్యిమని పోవడం మీరందరూ చూసే ఉంటారు, అదీ ఇదే. ఆ చురుకు ఆరోగ్యం కాదు. దీపం కొండెక్కే ముందు వెలిగినట్టు. మోత పెరిగింది, వేగం పెరిగింది అని సంతోషపడే ప్రతి పిల్లవాడూ ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, మా ప్రసంగం వృథా కాదు.

ఇక బండి మొరాయిస్తే ఏ వరుసలో చూడాలో ఉస్తాదు మాకు నేర్పిన విధంగా చెబుతాము. తల్లులు కూడా వినండి, ఇందులో కష్టమైనది ఏమీ లేదు.

మొదటిది, పెట్రోలు వస్తున్నదా? ట్యాంకులో ఉన్నదా, కొళాయి తిప్పామా, పైపు మడత పడిందా చూడాలి. ట్యాంకు మూతకు ఒక సన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే లోపలికి గాలి పోదు, పెట్రోలు దిగదు. బండి ఒక కిలోమీటరు పోయి ఆగుతుంది, కాసేపు నిలిపితే మళ్లీ స్టార్టు అవుతుంది. మూత వదులు చేసి నడిపి చూడండి. బాగా పోతే రోగం మూతది. గుండుసూదితో పోయేదానికి కార్బురేటరు విప్పినవాళ్లను మేము చూశాము.

రెండవది, ప్లగ్గు విప్పి చూడాలి. ఎన్ని తన్నినా స్టార్టు కాక, ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది, నిప్పు లేదు, లేదా ఓవర్‌ఫ్లో అవుతున్నది. నడిచిన బండి ప్లగ్గు ఇటుక రంగు, చాయ్ రంగు మధ్య ఉంటే క్షేమం. నల్లగా తడిగా ఉంటే రిచ్. తెల్లగా సున్నం పూసినట్టుంటే లీన్, ఆ బండిని అక్కడే ఆపండి. మన కుర్రవాని ప్లగ్గు అట్లాగే ఉండింది.

మూడవది, నిప్పు. ప్లగ్గును ఇంజను లోహానికి తాకించి తన్నితే నీలి రంగు నిప్పు గట్టిగా పడాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గు రంధ్రం దగ్గర పెట్రోలు తడి లేకుండా, ప్లగ్గును ఆ రంధ్రానికి దూరంగా పెట్టాలి. మిస్సింగ్ కొట్టే బండ్లలో చాలావాటికి కారణం ప్లగ్గు, దాని మూత, లేదా పాత బండ్లలో పాయింటు. నింద మాత్రం కార్బురేటరు మీద పడుతుంది.

నాలుగవది, పొగ పోయే దారి. టూ స్ట్రోకు ఇంజనులో పొగ బయటికి పోయే రంధ్రం, సైలెన్సరు మసితో మూసుకుంటాయి. పికప్ రోజురోజుకూ తగ్గుతూ వస్తే మొదట అక్కడ గోకి చూడాలి.

ఐదవది, దొంగ గాలి. కార్బురేటరుకు, ఇంజనుకు మధ్య అతుకులో గాస్కెట్ చినిగితే ఫిల్టరు దారిన కాకుండా గాలి పక్కదారిన దూరుతుంది. రేసు వదిలినా ఇంజను మోత దిగదు, తనంతట తాను పెరుగుతుంది. ఐడ్లింగు నిలవదు. ఇంజను నడుస్తుండగా అతుకు చుట్టూ కుంచెతో సబ్బునీళ్లు పూస్తే మోత మారుతుంది. అక్కడే దొంగ ఉన్నాడన్నమాట. మాగ్నెటో వైపు ఆయిల్ సీలు అరిగినా ఇదే లక్షణం. గేరు ఆయిలు వైపు సీలు పోతే తెల్లని పొగ ఆగకుండా వస్తుంది, గేరు ఆయిలు తగ్గిపోతుంది.

ఈ ఐదూ చూసిన తరువాతనే, ఆరవదిగా, కార్బురేటరు మీద చెయ్యి వేయాలి. అప్పుడు కూడా రేసు ఎంత తిప్పినప్పుడు రోగం వస్తున్నదో గమనించాలి. రేసు వదిలినప్పుడు, వీసమెత్తు తిప్పినప్పుడు పని చేసేది పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. పావు నుండి ముప్పావు దాకా ప్రధానంగా నీడిల్. ముప్పావు దాటితే మెయిన్ జెట్టు. కుర్రవానికి రోగం పైన ఉన్నది, అతడు తిప్పినది కింది స్క్రూ. తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్టయింది. కొన్ని చిన్న మోపెడ్ కార్బురేటర్లలో నీడిలూ, పైలట్ జెట్టూ ఉండవు, ఒక్క మెయిన్ జెట్టే అన్నీ చూసుకుంటుంది. మీ బండిది ఏ రకమో ముందు తెలుసుకోండి.

నీడిల్ మీద గాట్లు, ఒక క్లిప్పు ఉంటాయి. క్లిప్పును ఒక గాటు కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. పైకి మారిస్తే తగ్గుతుంది. స్క్రూ ఫిల్టరు వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. ఇంజను వైపు ఉంటే అది సాధారణంగా పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఈ తేడా తెలియక తిప్పినవాళ్లు ఎందరో. ముందు మెల్లగా లోపలికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోవాలి, ఆ పిమ్మటే మార్చాలి. గట్టిగా బిగిస్తే మొన చెడుతుంది.

జెట్టును ఇనుప తీగతో గుచ్చకండి. పెట్రోలుతో కడిగి గాలి ఊదండి. ఎందుకో లెక్క చూడండి. కొన్ని కంపెనీల జెట్టు మీద 60 అని ఉంటే రంధ్రం 0.60 మిల్లీమీటరు అని అర్థం. తీగ గుచ్చి దానిని 0.66 చేశారనుకోండి. మీ కంటికి తేడా కనిపించదు. వ్యాసం పెరిగినది 10 శాతమే. కాని రంధ్రం వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కదా, అది 21 శాతం పెరుగుతుంది. వృత్త వైశాల్యం నేర్చుకొని ఏం లాభం అని క్లాసులో అడిగే పిల్లలకు ఇదే మా జవాబు.

మరి బండిలో మార్పే చేయకూడదా అని యువకులు అడుగుతారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు మారేటట్టు బండిని మార్చకూడదు. పెద్ద బోరు వేసి ఇంజను సి.సి. పెంచడం దాని కిందికే వస్తుంది. పదహారేండ్ల పిల్లలు నడపడానికి చట్టం ఒప్పుకునేది గేరు లేని 50 సి.సి. లోపు బండ్లనే. తండ్రులు ఇది గమనించాలి. చెవులు చిల్లులు పడే సైలెన్సరు గురించి పోలీసులు చెప్పేది సరే, వాడలో జబ్బు మనుషులు, పసిపిల్లలు నిద్రపోతుంటారని మనకే తెలియాలి.

అయితే పాత బండికి అసలు కార్బురేటరు దొరకక ఇంకొకటి బిగించవలసిన అగత్యం వస్తుంది. అట్లాంటప్పుడు పాటించవలసిన పద్ధతి ఒకటున్నది. పెద్ద జెట్టుతో మొదలుపెట్టి మెల్లగా చిన్నదానికి రావాలి, చిన్నదానితో మొదలుపెట్టి పైకి పోకూడదు. రిచ్ నుండి దిగితే పొగ వస్తుంది, అంతే. లీన్ నుండి ఎక్కితే పిస్టను పోవచ్చు. ఒకసారికి ఒకే మార్పు. ప్రతి మార్పూ తేదీతో పుస్తకంలో. ప్రతిసారీ ప్లగ్గు చూడటం. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది కొంప ముంచిందో తేల్చలేము.

ఇంకొక సంగతి. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు కలపడం 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాలులోనే ఆక్సిజను ఉంటుంది కనుక అదే జెట్టుతో పాత బండి కొంచెం లీన్ వైపు జరుగుతుంది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే విడిపోయి అడుగుకు చేరతాయి, గిన్నెలో తుప్పు, జిగురు పడతాయి. పాత రబ్బరు పైపులు, ఫ్లోటు మొన రబ్బరు ఉబ్బి చెడతాయి. కాబట్టి పాత మోపెడ్ ఉన్నవారు రబ్బరు పైపు పగుళ్లు చూసుకోవాలి. రెండు మూడు వారాలు బండి తీయకపోతే కొళాయి మూసి గిన్నెలోని పెట్రోలు తీసేయాలి. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నియమాలు వచ్చాక కొత్త మోపెడ్లలో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చింది. అయినా మన వాడల్లో పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని బాగుచేసే చేతులు కావాలి.

ఇండ్లలో పని చేసేవారికి ఒక హెచ్చరిక. పెట్రోలుతో భాగాలు కడగడం ఇంటి లోపల వద్దు, పొయ్యి దగ్గర అసలే వద్దు, బీడీ సిగరెట్టు దగ్గరకు రానీయవద్దు. మిగిలిన పెట్రోలు నీళ్ల సీసాలో పోసి కిటికీలో పెట్టడం చాలా ఇండ్లలో చూస్తాము. పసిపిల్లలు నీళ్లనుకుంటారు. దయచేసి మానండి.

ఇక కథ ముగిస్తాము. ఉస్తాదు బోరు చేయించి కొత్త పిస్టను వేశాడు. పాత ఫిల్టరు డబ్బా అటక మీద దొరికింది. సైలెన్సరు లోపలి గొట్టం దొరకలేదు, సరైన సైలెన్సరే కొన్నారు. ఖర్చంతా కుర్రవాడు షెడ్డులో పని చేసి తీర్చేటట్టు ఒప్పందం. అన్నీ యథాస్థానానికి వచ్చాక బండి స్టార్టు చేస్తే, రేసు వదిలినా మోత దిగలేదు. కుర్రవాని చెయ్యి అలవాటుగా స్క్రూ మీదికి పోయింది. ఉస్తాదు చూస్తున్నాడు, ఏమీ అనలేదు. కుర్రవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జేబులో నుండి ఆ కాగితం తీసి చూశాడు. "ఉస్తాద్, కార్బురేటరు ఎనిమిదిసార్లు విప్పినా. గాస్కెట్ ఒక్కసారి కూడా మార్చలేదు" అన్నాడు. సబ్బునీళ్లు తెచ్చి కుంచెతో పూశాడు. మోత మారింది. గాస్కెట్ మార్చినాక ఇంజను గడియారంలా నిలకడగా కొట్టుకున్నది.

మరునాడు తండ్రి కట్టు విప్పించుకొని షెడ్డుకు వచ్చాడు. చాలాసేపు ఆ మోత వింటూ నిలబడ్డాడు. కుర్రవాణ్ణి ఏమీ అనలేదు, మెచ్చుకోనూ లేదు. మూట కట్టి, వెనుక సీటు మీద కూర్చొని, "పోనీ, మెల్లగా పోనీ" అన్నాడు.

సొసైటీ పెద్దలకు మా మనవి ఒకటే. ఏటా బహుమతులుగా కప్పులు, షీల్డులు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి బడికి పాత సామాను దుకాణం నుండి ఒక విరిగిన కార్బురేటరు, ఒక సీజ్ అయిన పిస్టను కొనిపెట్టండి. ఎక్కువ ఖర్చు కాదు. బెర్నూలీ పాఠం వచ్చిన రోజు దానిని బల్ల మీద పెట్టి పిల్లల చేత విప్పించి చూపుతాము. ఆ కుర్రవాడు ఆదివారం ఆదివారం వచ్చి తోడు ఉంటానన్నాడు. సీజ్ అయిన పిస్టను మాత్రం కొననవసరం లేదు, అది తన దగ్గర ఉన్నదట, దాచుకున్నాడట.